అమెరికా గోల్ఫ్‌కు తొలి అడుగు మెక్‌డెర్మట్‌దా, విమెట్‌దా?

చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:
అమెరికా గోల్ఫ్ కథను 1913లో బ్రూక్‌లైన్‌లో జరిగిన యూఎస్ ఓపెన్ (అమెరికా జాతీయ గోల్ఫ్ పోటీ)లో ఫ్రాన్సిస్ విమెట్ గెలుపుతో మొదలుపెట్టడం నాకు న్యాయంగా తోచదు. 1895 నుంచి 1910 దాకా జరిగిన 16 యూఎస్ ఓపెన్లనూ అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చినవారే గెలుచుకున్నారు. ఆ వరుసకు 1911లో షికాగోలో అడ్డుకట్ట వేసినవాడు ఫిలడెల్ఫియా పోస్ట్‌మాన్ కొడుకు, ఒకప్పటి క్యాడీ (ఆటగాళ్ల గోల్ఫ్ కర్రల సంచి మోసేవాడు) జాన్ మెక్‌డెర్మట్. అప్పటికతనికి ఇరవై ఏళ్లు నిండలేదు. అంత చిన్న వయసులో ఆ టైటిల్ గెలిచినవారు నేటికీ మరొకరు లేరు. మరుసటి ఏడాది బఫెలోలోనూ అతనే గెలిచాడు. ఆ పోటీలో 72 హోల్స్‌ను 294 స్ట్రోకుల్లో (బంతిని కొట్టిన దెబ్బలు; ఎంత తక్కువైతే అంత మేలు), అంటే నిర్ణీత ప్రమాణమైన పార్‌కు రెండు తక్కువతో ముగించాడు. యూఎస్ ఓపెన్‌లో అంతకుముందు ఎవరూ పార్ కంటే తక్కువ స్ట్రోకుల్లో ముగించలేదు.

రెండవ సభ్యుడు:
లెక్కలు సరైనవేనండి. కానీ ఆ రెండేళ్లూ బ్రిటిష్ దిగ్గజాలు హ్యారీ వార్డన్, టెడ్ రే బరిలో లేరన్న సంగతిని మీరు ప్రస్తావించలేదు. 1913లో విమెట్ వారిద్దరితో సమానంగా నిలిచి, విజేతను తేల్చే ప్లేఆఫ్ ఆడి, 72 స్ట్రోకులతో ముగించాడు. వార్డన్‌కు 77, రేకు 78 పట్టాయి. విమెట్ కూడా క్యాడీగా పెరిగినవాడే.

మొదటి సభ్యుడు:
వార్డన్, రే మెక్‌డెర్మట్‌కు ఎదురుపడనే లేదనుకోవద్దు. బ్రూక్‌లైన్‌కు కొద్ది వారాల ముందు షానీలో వారిద్దరూ ఆడిన పోటీలోనే మెక్‌డెర్మట్ 8 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. అయితే ఆ విజయాన్ని పాడు చేసింది అతని నోరే: మా కప్పును మీరు పట్టుకుపోలేరన్న అర్థం వచ్చేలా అతిథుల ముందే మాట్లాడి, తరువాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. విమెట్ అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాడు), పైగా వినయశీలి. పత్రికలకు అతడు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. మెక్‌డెర్మట్ ఏమో ఆటే జీవనోపాధిగా బతికే ప్రొఫెషనల్, ఆ రోజుల్లో చాలా క్లబ్బులు తమ ప్రధాన భవనంలోకి రానివ్వని వర్గంవాడు. ఈ తేడాను పక్కన పెట్టి ఇద్దరి కీర్తినీ తూచడం కుదరదని నా అభిప్రాయం.

రెండవ సభ్యుడు:
ఆ తేడాను ఒప్పుకుంటాను. కానీ మెక్‌డెర్మట్ ఆట ఎన్నాళ్లు సాగింది? 1914లో బ్రిటిష్ ఓపెన్‌కు వెళ్లి, అది జరిగే స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌కు ఆలస్యంగా చేరి, ఆడకుండానే వెనుదిరిగాడు. తిరుగు ప్రయాణంలో అతనెక్కిన ఓడ పొగమంచులో మరో ఓడను ఢీకొంది. ఆ ఏడాదే అట్లాంటిక్ సిటీ క్లబ్బులోని తన దుకాణంలో కుప్పకూలాడు.

మొదటి సభ్యుడు:
నిజమేనండి. అప్పుడతనికి 23 ఏళ్లు. 1971లో మరణించేదాకా, అర్ధ శతాబ్దానికి పైగా, అతని జీవితం చాలావరకు మానసిక చికిత్సాలయంలోనే గడిచింది. ఆట ఆగిపోయిందని చెప్పండి, కాదనను. అతడు తెంచిన విదేశీ విజేతల వరుసను మాత్రం ఆ జబ్బు తిరిగి అతికించలేదు.