కనుమ విందుకు గంబో, జంబలాయా మన రొయ్యలతో ఎలా వండాలి?

ప్రశ్న (భీమవరం నుంచి):
నమస్కారమండీ. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని లాఫయెట్‌లో స్థిరపడిన మా మరిది కుటుంబం ఈ సంక్రాంతికి వస్తోంది. పిల్లలు అక్కడి వంటకు అలవాటుపడ్డారు కనుక, కనుమ నాడు కోడికూర, గారెల సరసన గంబో (చిక్కని పులుసు), జంబలాయా (పులావు లాంటి అన్నం) కూడా పాతిక మందికి వండాలనుకుంటున్నాము. రొయ్యలకు, బెండకాయలకు లోటు లేదు; సెలెరీ అనే కాడల కూర, పొగబెట్టిన పంది సాసేజీ మాత్రం మాకు దొరకడం లేదు. వాటికి బదులేమిటి? టమాటా వేయాలని ఒకరు, కూడదని మరొకరు అంటున్నారు, తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (అమలాపురం నుంచి):
గంబోకు ప్రాణం ‘రూ’ అనే, నూనెలో వేయించిన పిండి ముద్ద. పది మందికి కప్పు వేరుశనగ నూనె, కప్పు మైదా చొప్పున అడుగు మందమైన గిన్నెలో వేసి, సన్నని సెగ మీద దాదాపు ముప్పావు గంట గరిటె ఆపకుండా తిప్పుతూ ఉంటే, మొదట తెల్లగా నురగలు కట్టిన పిండి క్రమంగా చింతపండు గుజ్జు రంగుకు తిరుగుతుంది. నల్లని చుక్కలు తేలితే మాడినట్లే. పారబోసి మళ్లీ మొదలుపెట్టవలసిందే. ఒంటి మీద చిందితే అతుక్కుని కాలుస్తుంది కాబట్టి పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వకండి. రంగు రాగానే ఉల్లి, క్యాప్సికం, సెలెరీకి బదులు సన్నగా తరిగిన కొత్తిమీర కాడలు వేయండి. రొయ్యల తలలు, పొట్టు అరగంట మరిగించి వడకట్టిన నీళ్లు కప్పు మైదాకు మూడు లీటర్ల వరకు పడతాయి. సాసేజీ లోటును గుప్పెడు ఎండు రొయ్యలు కొంత తీరుస్తాయి. లూసియానాలోనూ వాటిని గంబోలో వేస్తారు. బెండకాయలను విడిగా వేయించి జిగురు పోయాక కలపాలి, పచ్చి రొయ్యలను దించడానికి నాలుగు నిమిషాల ముందు వేయాలి. వెల్లుల్లి ఫరవాలేదు గాని, గరం మసాలా జోలికి వెళ్లారంటే అది రొయ్యల పులుసే అవుతుంది.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):
టమాటా విషయంలో ఇద్దరి మాటా నిజమే. 1755 మొదలుకొని బ్రిటిషువారు నేటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి అకేడియన్లలో కొందరు లూసియానా పల్లెల్లో స్థిరపడ్డారు. వారి వంట కేజన్. న్యూ ఆర్లిన్స్ నగరంలో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ పద్ధతులు కలిసి ఏర్పడినది క్రియోల్. టమాటాతో ఎర్రగా ఉండే జంబలాయా ఈ క్రియోల్ వంటలోది. లాఫయెట్ పిల్లలు ఎక్కువగా తిని ఉండేది, టమాటా లేకుండా, మాంసాన్ని ఎర్రగా వేయించి ఆ అడుగంటినదాన్ని గీకుతూ వండే గోధుమరంగు జంబలాయా. కొత్త బియ్యాన్ని పరమాన్నానికి ఉంచి దీనికి పాత బియ్యమే వాడండి. ఎసరు పోశాక మాటిమాటికీ కలపకండి. పాతిక మందికి ఒకే గుండిగలో వండితే అడుగు ముద్దవుతుంది, రెండు గిన్నెలు మేలు.

జవాబు (పాలకొల్లు నుంచి):
మాంసం ముట్టని పెద్దలుంటే ఆకుకూరల గంబో చేయండి. న్యూ ఆర్లిన్స్‌లో ఈస్టరుకు ముందు గురువారం నాడు దీనిని వండుతారు, ఆకుల రకాలు బేసి సంఖ్యలో ఉండాలన్నది అక్కడి ఆనవాయితీ. చాలా ఇళ్లలో మాంసమూ వేస్తారు, మీరు మానేయవచ్చు. తోటకూర, బచ్చలి, ముల్లంగి ఆకు, ఆవాకు, క్యాబేజీ సరిపోతాయి. రూను భోగి నాడే చేసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కనుమ నాటి పని సగం తగ్గుతుంది.