సైబీరియా రష్యాకు నిధా, మోయలేని బరువా?

తూర్పుగాలి:
రష్యా ఊసు వస్తే చాలు, కోటీ డెబ్బై లక్షల చదరపు కిలోమీటర్లు, పదకొండు టైమ్ జోన్లు, నేల కింద ఆయిల్, గ్యాస్, నికెల్, వజ్రాలు అంటూ లెక్కలు మొదలవుతాయి. అంత నేల ఉండటం ఆ దేశం చేసుకున్న అదృష్టమని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. ఉరల్ పర్వతాలకు తూర్పున ఉన్న భాగం, అంటే స్థూలంగా సైబీరియా, దేశ విస్తీర్ణంలో దాదాపు నాలుగింట మూడు వంతులు. అక్కడ బతికే జనం మాత్రం దేశ జనాభాలో సుమారు నాలుగో వంతే. ఇది ఊరికే జరగలేదు.

సంపద ఎంత ఉందో లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు. దాన్ని బయటికి తేవడానికి ఎంత ఖర్చవుతుందో కూడా చూడాలి. నదుల సంగతే తీసుకోండి. ఓబ్, యెనిసెయ్, లీనా మూడూ మహానదులే. కానీ మూడూ ఉత్తరానికి పోయి, ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కప్పి ఉండే ఆర్కిటిక్ సముద్రాల్లో కలుస్తాయి. పెద్ద ఊళ్లు, రైలు మార్గం ఉన్నది దక్షిణాన, తూర్పు పడమరలుగా. సరుకు పోవాల్సిన దిక్కు ఒకటి, నీళ్లు పోయే దిక్కు ఇంకొకటి.

పైగా వసంతంలో ఎగువన మంచు ముందు కరుగుతుంది, దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కొట్టుకొచ్చిన మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అడ్డం పడతాయి. వెనక నుంచి వచ్చే నీళ్లకు దారి లేక ఊళ్ల మీద పడతాయి. 2001 మే నెలలో లీనా ఒడ్డున ఉన్న లెన్‌స్క్ పట్టణం ఇలాగే మునిగింది. ఆ అడ్డును పగలగొట్టడానికి విమానాల నుంచి బాంబులు వేయాల్సి వచ్చింది. మూడు లక్షల పైచిలుకు జనం ఉన్న యాకుత్‌స్క్ దగ్గర లీనా మీద ఇంకా వంతెన లేదు. చలికాలంలో గడ్డకట్టిన నది మీద లారీలు నడుస్తాయి, వేసవిలో ఫెర్రీలు తిరుగుతాయి. మధ్యలో కొన్ని వారాలు మంచు బండిని మోయదు, పడవను పోనివ్వదు. అలాంటి చోట పెద్ద నగరాలు కట్టడం తప్పని నా వాదన.

గనిదీపం:
తూర్పుగాలి గారూ, మీరు ఖర్చు కాలమ్ ఒక్కటే చూపిస్తున్నారు. రాబడి కాలమ్ కూడా చూద్దాం. రష్యా ఆయిల్‌లో సుమారు 40 శాతం పశ్చిమ సైబీరియాలోని ఒక్క ఖాంతీ-మాన్సీ ప్రాంతం నుంచే వస్తుంది. గ్యాస్‌లో సింహభాగం దాని పైనున్న యమాల్-నెనెత్స్ ప్రాంతానిది. ఫెడరల్ బడ్జెట్‌లో ఆయిల్, గ్యాస్ ఆదాయం కొన్నేళ్లు దాదాపు సగం దాకా ఉంది. మాస్కో మెట్రో, సోచీ రోడ్లు, పెన్షన్లు, వీటన్నిటికీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటారు?

ఖాంతీ-మాన్సీలోని సమొత్లోర్ ఆయిల్ క్షేత్రం 1965లో బయటపడింది. అక్కడ ఉన్నది ఒక చెరువు, చుట్టూ అంతులేని బురద. పశ్చిమ సైబీరియా మైదానం ఎంత చదునంటే, నొవొసిబిర్‌స్క్ దగ్గర ఓబ్ నది సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తున కూడా ఉండదు. అక్కడి నుంచి సముద్రం చేరడానికి ఇంకా సుమారు మూడు వేల కిలోమీటర్లు పారాలి. నీళ్లకు కదలబుద్ధి కానంత చదును. అందుకే ఎక్కడ చూసినా చిత్తడి. వేసవిలో యంత్రాలు మునిగిపోతాయి కాబట్టి, భారీ సామాను చలికాలంలో గట్టిపడిన నేల మీద తరలించేవారు. చెరువులో మట్టి పోసి కృత్రిమ దీవులు కట్టి, వాటి మీద రిగ్గులు నిలబెట్టారు. 1980 నాటికి అది ప్రపంచంలో అతిపెద్ద క్షేత్రాల్లో ఒకటి. మీరు బరువు అంటున్న నేలే అరవై ఏళ్లుగా ఆ దేశాన్ని పోషిస్తోంది.

పట్టాలు:
గనిదీపం గారి మాటకు ఒకటి కలుపుతాను. 1941లో జర్మన్ సైన్యం ముంచుకొస్తుంటే 1,500కు పైగా పెద్ద ఫ్యాక్టరీలను ఊడదీసి, రైళ్లకెక్కించి, తూర్పుకి తరలించారు. ఉరల్, సైబీరియా, మధ్య ఆసియాల్లో వాటిని మళ్లీ నిలబెట్టారు. వెనక్కి జరగడానికి చోటు ఉన్న దేశం కాబట్టే నిలబడింది. దీన్ని ఏ ఖర్చు లెక్కలో రాస్తారు?

తూర్పుగాలి:
1941 సంగతి నిజమే, కాదనను. కానీ ఆ ఫ్యాక్టరీల్లో చాలా భాగం చేరింది ఉరల్ ప్రాంతానికి, సైబీరియా దక్షిణ అంచుకి. నేను మాట్లాడుతున్నది దానికి ఉత్తరాన, తూర్పున ఉన్న నేల గురించి.

గనిదీపం గారూ, ఆయిల్ తీయొద్దని నేను అనలేదు. ఆయిల్ తీయడం వేరు, పక్కనే లక్షల మందితో నగరం కట్టి తరతరాలు అక్కడే ఉండమనడం వేరు. దేశం తూర్పు కొసనున్న మగదాన్ ప్రాంతంలో 1989లో నాలుగు లక్షలకు దగ్గరగా జనం ఉండేవారు. ఇప్పుడు లక్షా నలభై వేల లోపు. దాని ఉత్తరానున్న చుకోత్కాలో 1.6 లక్షల నుంచి 50 వేల లోపుకి పడిపోయింది. సోవియట్ కాలంలో ఉత్తరాది భత్యం, తొందరగా పెన్షన్, ప్రభుత్వం భరించే రవాణా ఉండేవి. ఆ ఊతం తీసేయగానే జనం మూటలు సర్దుకున్నారు.

రైలు సంగతి కూడా చెప్పాలి. బైకాల్ సరస్సు ఉత్తరం నుంచి తూర్పుకి పోయే బామ్ (బైకాల్-అముర్) రైలు లైన్ మీద 15 కిలోమీటర్ల సెవెరొముయ్‌స్కీ సొరంగం పని 1970లలో మొదలైంది. రాతి పగుళ్లలోంచి ఒత్తిడితో నీళ్లు, ఇసుక ఎగదన్నేవి. సొరంగం 2003లో గానీ తెరుచుకోలేదు. అంతకాలం రైళ్లు కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ పోయాయి. దక్షిణ సైబీరియాలోని గనుల ప్రాంతం కుజ్‌బాస్ బొగ్గు ఏ సముద్రపు రేవుకు చేరాలన్నా వేల కిలోమీటర్లు రైల్లో పోవాలి. బొగ్గు ధర పడిపోయినప్పుడు ఆ ఖర్చే గని మెడకు చుట్టుకుంటుంది.

నేలపొర:
ఇంతసేపూ ఇద్దరూ నేల మీద, నేల కింద ఏముందో చెప్పారు గానీ, ఆ నేలే ఎలాంటిదో ఎవరూ ఎత్తలేదు. రష్యా భూభాగంలో సుమారు 60 శాతానికి పైగా పెర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి కరగకుండా గడ్డకట్టి ఉండే నేల. పైన మీటరో రెండు మీటర్లో మాత్రమే వేసవిలో కరిగి చలికాలంలో మళ్లీ బిగుస్తుంది.

యాకుత్‌స్క్‌లో షెర్గిన్ అనే వ్యాపార ఉద్యోగి 1828లో మంచినీళ్ల కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి తవ్వుతూ 116 మీటర్లు దిగారు. నీళ్లు పడలేదు, గడ్డకట్టిన నేల అంచూ తగల్లేదు. తర్వాత మిడ్డెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త అదే బావిలో లోతు లోతుకీ ఉష్ణోగ్రత కొలిచాడు. కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతున్నా, అడుగున కూడా ఇంకా సున్నాకి దిగువనే ఉంది. ఆ కొలతలతోనే పెర్మాఫ్రాస్ట్ లోతు ఎంతుంటుందో మొదటిసారి శాస్త్రీయంగా అంచనా వేయగలిగారు.

ఇలాంటి చోట మామూలు పునాది వేసి ఇల్లు కడితే ఇంటి వేడికే కింద నేల కరిగి ఇల్లు ఒరిగిపోతుంది. అందుకే యాకుత్‌స్క్‌లో, ఉత్తరాన నికెల్ గనుల నగరం నొరిల్‌స్క్‌లో అపార్ట్‌మెంట్లను కాంక్రీట్ స్తంభాల మీద, కింద మీటరు పైన ఖాళీ వదిలి కడతారు. చలిగాలి ఆ ఖాళీలో తిరుగుతూ నేలను గట్టిగా ఉంచుతుంది. స్తంభం నిలబడేది చుట్టూ ఉన్న మట్టి దాన్ని మంచుతో పట్టుకుని ఉండటం వల్లే. ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే, మట్టి ఇంకా గడ్డకట్టే ఉన్నా సరే, ఆ పట్టు సడలుతుంది. 2020 మేలో నొరిల్‌స్క్ దగ్గర ఒక డీజిల్ ట్యాంకు కింద స్తంభాలు కుంగి, సుమారు 21,000 టన్నుల ఇంధనం కారిపోయింది. అంబర్నయా నది ఎర్రబడిపోయింది. పెర్మాఫ్రాస్ట్ కరగడం వల్లేనని కంపెనీ అంది. నిర్వహణలో లోపాలున్నాయని విచారణ చేసిన అధికారులు అన్నారు. నా దృష్టిలో రెండూ ఒకే మాట. అలాంటి నేల మీద కట్టినవాళ్లు దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండాలి. ఉండకపోతే ఫలితం అదే.

గనిదీపం:
నేలపొర గారూ, చాలా బాగా వివరించారు. కానీ వాతావరణం వేడెక్కితే రష్యాకు లాభం కూడా ఉంది కదా. మంచు తగ్గితే ఉత్తర సముద్ర మార్గం, అంటే ఆర్కిటిక్ తీరం వెంబడి ఓడల దారి, ఎక్కువ నెలలు తెరిచి ఉంటుంది. యమాల్ ద్వీపకల్పంలో సబెత్తా రేవు నుంచి 2017లోనే ఎల్ఎన్‌జీ (ద్రవరూపంలోకి మార్చిన గ్యాస్) ఓడలు మొదలయ్యాయి. వ్యవసాయ భూమి కూడా ఉత్తరానికి జరుగుతుందంటున్నారు. ఇవాళ బరువు అనిపించిన నేల యాభై ఏళ్లకు ధాన్యాగారం కావచ్చు.

నేలపొర:
ఓడల విషయంలో మీ మాటలో కొంత నిజం ఉంది. పంట విషయంలో అస్సలు లేదు. గాలి వేడెక్కినంత మాత్రాన నేల నల్లరేగడి అయిపోదు. టైగా అడవి కింద ఉన్నది ఎక్కువగా ఆమ్లం నిండిన, సారం తక్కువైన పాడ్జోల్ నేల. తూర్పు సైబీరియాలో అయితే ఇంకో చిక్కు ఉంది. గడ్డకట్టిన మట్టిలో పెద్ద పెద్ద మంచు దిమ్మలు చీలికల్లా దిగబడి ఉంటాయి. చెట్లు కొట్టేసి పొలం చేస్తే నీడ పోతుంది, మంచు దిమ్మలు కరుగుతాయి, వాటి పైనున్న మట్టి కుంగుతుంది. యాకుతియాలోని చురాప్చా దగ్గర ఒకప్పటి పొలాలు ఇప్పుడు గుట్టలు గుట్టలుగా, మధ్యలో గుంటలతో ఉన్నాయి. ట్రాక్టర్ నడవదు. బతగాయ్ దగ్గర అడవి నరికిన చోట చిన్నగా మొదలైన కోత ఇప్పుడు కిలోమీటరు పొడవున నోరు తెరిచింది. ఏటా ఇంకా పెరుగుతోంది.

వెర్ఖొయాన్‌స్క్‌లో 1892లో మైనస్ 67.8 డిగ్రీలు నమోదైంది. అదే ఊళ్లో 2020 జూన్ 20న ప్లస్ 38 డిగ్రీలు. ఏ విత్తనం మీద నమ్మకం పెట్టుకుని అక్కడ సేద్యం చేస్తారు?

తుంద్రా:
ఒక్క విషయం నన్ను బాధపెడుతోంది. నిధా, బరువా అని ఇంత చర్చ జరిగింది. ఎవరికి అన్న మాట మాత్రం ఎవరూ అడగలేదు. మాస్కో ఖజానా వైపు నుంచే అందరూ చూశారు. నెనెత్స్, ఎవెంకీ, ఖాంతీ, సఖా లాంటి స్థానిక జనాలకు అది సొంత ఇల్లు. ఆయిల్ దొరకక ముందూ ఉన్నారు, బొచ్చు కోసం కొసాక్కులు (రష్యా సరిహద్దు సాయుధ దళాలు) రాక ముందూ ఉన్నారు. 1580లలో ఉరల్ దాటిన రష్యన్లు 1639కల్లా పసిఫిక్ తీరం చేరారంటే, వాళ్లను నడిపించింది సేబుల్ అనే విలువైన బొచ్చు జంతువు చర్మాల పన్ను. స్థానికులు ఆ పన్ను కట్టేలా బందీలను పట్టుకునేవారు.

ఇప్పుడు యమాల్‌లో రెయిన్‌డీర్ మందలు ఏటా దాటే దారుల మీద పైపులైన్లు, రైలు పట్టాలు వచ్చాయి. 2016 వేసవిలో ఎండకు నేల పైపొర మామూలు కన్నా లోతుగా కరిగి, పాత కళేబరాల్లో దాగిన ఆంత్రాక్స్ బయటపడింది. రెండు వేలకు పైగా జంతువులు చచ్చిపోయాయి, పన్నెండేళ్ల పిల్లవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అక్కడి జంతువులకు ఆంత్రాక్స్ టీకాలు వేయడం 2007లో ఆపేశారు. ఆ ప్రాంతం నుంచి ఎంత గ్యాస్ పోయిందో, టీకాలకు ఎంత ఖర్చయ్యేదో పక్కపక్కన పెట్టి చూడండి.

పట్టాలు:
తుంద్రా గారూ, మీ మాట గట్టిగా తగిలింది. ఒక సందేహం. ఉత్తరానికి వృథాగా పోయే ఆ నదుల నీళ్లను దక్షిణానికి మళ్లించాలని సోవియట్ కాలంలో ప్లాన్ ఉండేది కదా. అది జరిగి ఉంటే కథ మారేదా?

నేలపొర:
ఓబ్, దాని ఉపనది ఇర్తిష్ నీళ్లను మధ్య ఆసియా పత్తి పొలాలకు మళ్లించే పథకం అది. శాస్త్రవేత్తలు, రచయితలు గట్టిగా వ్యతిరేకించారు, 1986లో పక్కన పెట్టేశారు. ఉరల్‌కు పడమటి వైపు ఇలాంటిదే పెచోరా-కామా కాలువ కోసం 1971 మార్చిలో 15 కిలోటన్నుల అణు పరికరాలు మూడింటిని నేలలో పేల్చారు. కాలువ రాలేదు. అక్కడ మిగిలింది అర కిలోమీటరు పైన పొడవున్న ఒక చెరువు, రేడియోధార్మికత.

ఇంకో మాట. వృథాగా పోతున్నాయన్న ఆ నీళ్లు ఆర్కిటిక్ సముద్రం పైపొరలో ఉప్పు తగ్గిస్తాయి. ఆ పైపొర వల్లే అక్కడ మంచు తేలిగ్గా కడుతుంది. సముద్రానికి చేరిన నీటిని వృథా అనే అలవాటు మానుకోవాలి.

తూర్పుగాలి:
తుంద్రా గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. అక్కడ తరతరాలుగా ఉన్నవాళ్లను కదిలించమని నేను అనను. వాళ్ల జీవనం ఆ నేల ఇచ్చినదాంతోనే నడిచింది. మాస్కో నుంచి బొగ్గు, పిండి, పెట్రోలు పంపితే గానీ నిలబడని నగరాల గురించే నా మాట.

రష్యా తిండి పండేది ఎక్కడ? దేశంలో సాగుభూమి సుమారు 7 శాతమే. అందులో మేలైనది కూర్‌స్క్, వొరొనెష్, కుబాన్ వైపున్న సారవంతమైన నల్లమట్టి (చెర్నోజెమ్), చాలావరకు ఉరల్‌కు పడమటనే. రష్యన్ శాస్త్రవేత్త దొకుచాయెవ్ 1883లో ఆ నేల మీద రాసిన గ్రంథంతోనే నేలల శాస్త్రానికి పునాది పడింది. అదే కూర్‌స్క్ కింద ప్రపంచంలోనే పెద్ద ఇనుప ఖనిజ నిక్షేపాల్లో ఒకటి ఉంది. ధాన్యం, ఇనుము, రైలు, జనం అన్నీ ఒకే చోట. అయినా ఆ పక్కనున్న పల్లెలు ఖాళీ అవుతున్నాయి. రోడ్లు లేని, గ్యాస్ కనెక్షన్ రాని ఊళ్లు యూరప్ వైపు రష్యాలోనే బోలెడున్నాయి. సైబీరియా గ్యాస్ వేల కిలోమీటర్ల పైపుల్లో వాటి పక్క నుంచే జర్మనీ దాకా పోయింది.

గనులకు షిఫ్టుల పద్ధతి చాలు. యమాల్‌లోని బొవనెన్‌కొవొలో ఇప్పుడు అదే చేస్తున్నారు. కార్మికులు విమానంలో వస్తారు, కొన్ని వారాలు పనిచేసి ఇంటికి పోతారు, కుటుంబాలు దక్షిణాన ఉంటాయి. నొరిల్‌స్క్ లాంటి చోట ఇప్పటికే లక్షా డెబ్బై వేలకు పైగా జనం ఉన్నారు. వాళ్లలో పోవాలనుకున్నవాళ్లకి దక్షిణాన ఇల్లు, ఉద్యోగం దొరికేలా నికెల్, పల్లాడియం లాభాల్లోంచే డబ్బు పక్కన పెట్టాలి. ఉండాలనుకున్నవాళ్ల ఇళ్ల కింద స్తంభాలకు ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు బిగించి, ఆ రీడింగులు అందరికీ కనిపించేలా పెట్టాలి. గనిదీపం గారు చెప్పిన రాబడిలోంచే ఈ ఖర్చు పోవాలి.

గనిదీపం:
దీనికి నాకు అభ్యంతరం లేదు. కానీ షిఫ్టుల పద్ధతిలో పన్ను ఎక్కడ కడతారో కూడా తేల్చండి. కార్మికుడి ఇల్లు దక్షిణాన ఉంటే వాడి ఖర్చూ అక్కడే, స్కూలూ ఆసుపత్రీ అక్కడే. తుంద్రా గారి నెనెత్స్ ఊళ్లకు ఏం మిగులుతుంది?