చెన్నైలో వాడిన హెచ్‌ఓ బొమ్మ రైలు ట్రాక్ పెట్టె 8 వేలంటున్నారు, తీసుకోవచ్చా?

పెన్నా గట్టు, నెల్లూరు:

అందరికీ నమస్కారం. మేం వేదాయపాళెంలో ఉంటాం. మావాడు ఏడో తరగతి. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ తెచ్చిన హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) బొమ్మ రైలు సెట్టు ఒకటుంది, డీసీ ఇంజను. దాంతో వచ్చిన గుండ్రం ట్రాక్ తప్ప ఇంకేం లేదు. స్టేషన్‌కి తీసుకుపోతే, గూడ్సుని లూప్ లైన్లో ఆపి ఎక్స్‌ప్రెస్‌ని ఎట్టా దాటిస్తారో కదలకుండా నిలబడి చూస్తాడు. అది ఇంట్లో కావాలంట. 6×4 అడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చిపెట్టా. కొత్త ట్రాక్ రేట్లు చూస్తే గుండె జారింది. మొత్తం మీద పది వేలు దాటి పెట్టలేను, ప్లైవుడ్‌కే అందులో కొంత అయిపోయింది.

చెన్నైలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ, అట్టపెట్టె నిండా ట్రాక్ 8,000కి ఇస్తానంటున్నారు. ఫొటోల్లో కొన్ని పట్టాలు పసుపు, కొన్ని తెలుపు, కొన్నిటికి కింద నల్ల ప్లాస్టిక్ దిమ్మ ఉంది. పాయింట్లు, అంటే లైను రెండుగా చీలే ముక్కలు, నాలుగు. కొన్ని ముక్కలకి రెండు పట్టాల మధ్యన స్లీపర్ల మీద చిన్న చుక్కలు వరసగా కనిపిస్తుండాయి. అన్నీ ఒకటే సైజు అంటున్నారాయన. ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి పోయి చూసొద్దామనుకుంటుండా. అక్కడ ఏం చూడాలో చెప్పండి.

బిట్రగుంట షెడ్, కావలి:

తమ్ముడూ, సైజు ఒకటేనన్నది నిజమే. హెచ్‌ఓ అయినా, ఇంగ్లండు వాళ్ళ ఓఓ అయినా పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. కానీ పాత ట్రాక్‌లో చూడాల్సింది సైజు కాదు, లోహం. జేబులో ఒక చిన్న అయస్కాంతం, ఒక మల్టీమీటరు, మీ సెట్టులోని రైలు పెట్టె ఒకటి పెట్టుకుని పోండి.

అయస్కాంతాన్ని పట్టా నడిమధ్యలో పెట్టండి. చివర పెట్టొద్దు, అక్కడ ముక్కల్ని కలిపే జాయినరు ఇనుముదైతే మోసపోతారు. నడిమధ్యలో పట్టుకుందంటే అది ఉక్కు పట్టా. ఆ నల్ల దిమ్మ ముక్కలు బాక్‌మన్ ఈజీ ట్రాక్ అయ్యుంటే అవి ఉక్కువే, ఆ కంపెనీ వాళ్ళు నికెల్ సిల్వర్ పట్టాలకి బూడిద రంగు దిమ్మ ఇస్తారు. మన సముద్రపు గాలికి ఉక్కు పట్టాలు ఒక్క వానాకాలం దాటేసరికి ఎర్రబారతాయి. ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

పసుపువి ఇత్తడి. తుప్పు పట్టవు గానీ, పైన పేరుకునే మకిలి కరెంటుని సరిగా పోనివ్వదు, ఇంజను తడబడి ఆగిపోతుంటుంది. తెల్లవి నికెల్ సిల్వర్. అందులో వెండి ఉండదు, రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం. అది మాసినా కరెంటు మెరుగ్గా పోతుంది. మీ డబ్బు వాటికే పెట్టండి.

చుక్కలున్నవి జర్మనీ కంపెనీ మెర్క్‌లిన్ వాళ్ళ మూడు పట్టాల పద్ధతి. వాళ్ళకి ఆ చుక్కలు ఒక వైరు, రెండు పట్టాలూ కలిసి ఇంకో వైరు. మీ డీసీ ఇంజనుకి ఒక్కో పట్టా ఒక్కో వైరు, కాబట్టి పనికిరావు, ధర కట్టేటప్పుడు వాటిని లెక్కలోంచి తీసెయ్యండి.

ఇక ఎత్తు. కోడ్ 100 అంటే పట్టా ఎత్తు అంగుళంలో పదో వంతు, 2.54 మిల్లీమీటర్లు. కోడ్ 75 దాదాపు 1.9 మాత్రమే. రెండూ కలిపితే అతుకు దగ్గర మెట్టు వస్తుంది. రెండు ముక్కల్ని బల్ల మీద మొనకి మొన ఆనించి, పైన బొటనవేలి గోరు నడిపించండి. గోరు తట్టుకుంటే ఆ రెండూ జత కావు. పాత ఇంజన్ల చక్రాల అంచు లోతుగా ఉంటుంది కాబట్టి మీకు కోడ్ 100 నయం.

ఎక్కువ టైము పాయింట్ల దగ్గర పెట్టండి. పాయింటు చెడేది కదిలే పట్టా మొన దగ్గరే. అది పక్క పట్టాకి గట్టిగా ఆనితేనే చాలావాటిలో కరెంటు ముందుకి పోతుంది. మీటరు ఒక మొన మొదట్లో, ఇంకో మొన చివర్లో పెట్టి, పాయింటుని రెండు వైపులా మార్చి చూడండి. తర్వాత మీ పెట్టెని వేలితో మెల్లగా తోయండి. రెండు పట్టాలు కలిసేచోట చక్రం గుంటలో పడినట్టు కుదిపితే అది వద్దు. నాలుగింట్లో మూడు బాగుంటే బేరం ఆలోచించొచ్చు.

కర్నూల్ రోడ్డు, ఒంగోలు:

అన్న చెప్పిన వాటిల్లో ఒక్కటి ఒప్పుకోను. తిన్నగా ఉండే లైను కోసం పాత ముక్కలు కొనడం దండగ. ఇంగ్లండు కంపెనీ హార్న్‌బీ మామూలు తిన్నటి ముక్క 168 మిల్లీమీటర్లు, కావాల్సినట్టు వంచుకునే ఫ్లెక్సిబుల్ ట్రాక్ ఒక్కటి గజం పొడవు, 914. గజం దూరానికి ముక్కలతో అయితే అయిదు అతుకులు పడతాయి, ప్రతి అతుకు దగ్గరా కరెంటు కొంచెం కొంచెం తగ్గుతుంది. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70కి పెంచారు, కొత్తవి మండిపోతున్నాయన్నది కాదనను. అయినా గజం ముక్కలు రెండు మూడు కొత్తవి కొనుక్కుని, వంపులు, పాయింట్లు ఆయన దగ్గర తీసుకోవడం మేలు. వాడిన ఫ్లెక్సిబుల్ మాత్రం వద్దు, వంచి కోసేసి ఉంటుంది.

జాయినర్లు పాతవన్నీ తీసి పారేసి కొత్త పాకెట్ కొనండి. ఖర్చు తక్కువ, సగం జబ్బులు అక్కడే పోతాయి. గజానికొకచోట పట్టా కింద సన్న వైరు టంకం వేసి అడుగున మెయిన్ వైరుకి కలపండి.

దిగువమెట్ట, మార్కాపురం:

శుభ్రం చేయడం గురించి నేను చెబుతా. మా నాన్న రైల్వేలో కీమాన్, రోజూ పట్టాల వెంట నడిచి చూసే పని. పట్టా అంటే ఆయనకెంత పట్టింపో చూస్తూ పెరిగాను, బొమ్మ పట్టాకి ఉప్పుకాగితం పెట్టే వాళ్ళని చూస్తే ప్రాణం ఒప్పదు. గీతలు పడితే ఆ గీతల్లోనే మురికి చేరుతుంది. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుల్లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని దొరుకుతుంది, పాత బనీను గుడ్డకి తడిపి తుడవండి, గుడ్డ నల్లబడడం ఆగిందాకా. నిప్పుకి దూరంగా, కిటికీలు తీసిపెట్టుకుని. ఇత్తడికి చింతపండు పెట్టాలనిపిస్తుంది. మెరుస్తుంది, కానీ పులుపు స్లీపరు సందుల్లో ఉండిపోయి మళ్ళీ చిలుము పట్టిస్తుంది.

కంకరని ఫెవికాల్‌తో అంటించిన ముక్కలుంటే భయపడొద్దు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పళ్ళ బ్రష్షుతో రుద్దితే ఊడొస్తుంది. ఆరబెట్టేది ఫ్యాను కిందే. మన ఎండలో పెడితే ప్లాస్టిక్ స్లీపర్లు వంకరపోతాయి.

పెన్నా గట్టు:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఆయనకి ఫోన్ చేసి అయస్కాంతం పెట్టి చూడమన్నా. పాపం, ఓపిగ్గా చూశారు. నల్ల దిమ్మవన్నీ పట్టుకున్నాయంట. తెల్లవాటిలో వంపులే ఎక్కువంట. ఇప్పుడు నా డౌటు, ఆ వంపులు నా షీటులో పడతాయా? మావాడికి మన రైళ్ళ నీలం పెట్టెలు కూడా ముందు ముందు కొనివ్వాలని ఉంది.

బిట్రగుంట షెడ్, కావలి:

ఆ నీలం పెట్టె, అంటే చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీది, అసలుది 21.3 మీటర్లు. 87తో భాగిస్తే 245 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. అంత పొడుగు పెట్టెలు చిన్న వంపులో మూలలు రాసుకుంటాయి, ఎంత పెద్ద వంపైతే అంత మంచిది. వంపు ముక్క రెండు మొనల మధ్య, స్లీపర్ల నడిమి నుంచి నడిమికి, టేపు తిన్నగా పట్టి మిల్లీమీటర్లలో కొలవమనండి. హార్న్‌బీ పెద్ద వంపు ముక్కల్లో 335 వస్తే రెండో వ్యాసార్థం, అంటే 438. 386 వస్తే మూడోది, 505. రెండూ ఎనిమిదేసి ముక్కలకి గుండ్రం పూర్తవుతుంది, రెండూ మీ నాలుగడుగుల వెడల్పులో ఒకదాని లోపల ఒకటి పడతాయి. 218 వస్తే అమెరికా వాళ్ళ 22 అంగుళాల వ్యాసార్థం వంపు, పదహారు ముక్కలు కావాలి. అదీ పడుతుంది గానీ అంచుకి రెండంగుళాలే మిగులుతుంది, అటువైపు చిన్న పట్టీ కొట్టండి, పెట్టె కింద పడకుండా. 237 వస్తే 18 అంగుళాలది, మీ నీలం పెట్టెలకి ఇరుకు.

ఉక్కువీ చుక్కలవీ పక్కన పెట్టి, మిగిలినదానికి 4,500 నుంచి బేరం మొదలెట్టండి. పాయింట్లు నాలుగూ మీటరులో పాసైతే అయిదున్నర దాకా పోవచ్చు. ఒప్పుకుంటే వ్యాసార్థం వారీగా వేరు వేరు కవర్లలో కట్టించుకుని, పాయింట్లని మాత్రం చేతి సంచిలో పెట్టుకుని తెచ్చుకోండి.