డిక్కీ: కూర్చునే చోటు సామాను పెట్టే చోటు ఎలా అయింది?

ప్రశ్న: పాత బ్రిటిష్ కార్ల ఛాయాచిత్రాలు చూస్తుండగా 1920ల నాటి మోరిస్ కౌలీ ఒకటి కనిపించింది. ముందు సీట్లో దంపతులు, కారు వెనుక భాగంలో టాపుకు బయట ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు. కింద ‘డికీ సీటు’ అని రాసి ఉంది. మనం సామాను పెట్టుకునే డిక్కీకీ దీనికీ సంబంధం ఉందా? ఇంగ్లండులో ఉంటున్న మా బంధువులు మాత్రం ‘బూట్’ అనాలనీ, డిక్కీ అనడం తప్పు ఇంగ్లీషనీ అంటున్నారు. పెద్దలు వివరించగలరు.

సమాధానం: సంబంధం ఉండటమే కాదండీ, ఆ రెండూ ఒకటే మాట. గుర్రపుబళ్ల కాలంలో బండి తోలేవాడి ఆసనాన్నీ, బండి వెనుక నౌకర్లు కూర్చునే ఆసనాన్నీ ఇంగ్లీషులో డికీ అనేవారు. మోటారు కార్లు వచ్చాక ఇద్దరు పట్టే చిన్న కార్ల వెనుక భాగంలో ఒక మూత పెట్టి, దాన్ని ఎత్తితే లోపల సీటు, ఆ మూతే వీపుకు ఆనుగడ అయ్యేలా అమర్చినప్పుడు, ఆ పాత పేరునే దానికీ పెట్టారు. మీరు చూసిన చిత్రంలో రేడియేటర్ గుండ్రంగా ఉంటే అది ‘బుల్‌నోజ్’ అని పిలుచుకున్న మోరిస్. ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీలో తయారై, 1926 వరకు ఆ ముక్కుతోనే నడిచింది. వెనుక మడ్‌గార్డు మీద చిన్న ఇనుప మెట్టు కూడా ఉందేమో చూడండి. డికీలోకి ఎక్కడానికి దాని మీదే కాలు మోపాలి.

ఆనాటి కుటుంబ ఛాయాచిత్రాల్లో డికీలో ఉన్నవాళ్లు ఎప్పుడూ నవ్వుతూనే కనిపిస్తారు గానీ, వాన వస్తే ముందున్న ఇద్దరికే టాపు ఉండేదనీ, వెనుక వాళ్లు తడవవలసిందేననీ మరచిపోకూడదు. ఆ చిత్రాల్లోని టోపీలూ మఫ్లర్లూ సోకు కోసమే కాకపోవచ్చు.

అసలు విషయం ఏమిటంటే, ఎవరూ కూర్చోనప్పుడు ఆ మూత కింది ఖాళీలో సామాను పెట్టుకునేవారు. 1930లలో ఉక్కు బాడీతో, నాలుగు వైపులా మూసి ఉండే సెలూన్ కార్లు సామాన్య కుటుంబాలకు కూడా అందుబాటులోకి రావడంతో పిల్లలు లోపలికి వచ్చేశారు. వెనుక సీటు పోయింది. మూత మిగిలింది, మూత కింద సామాను మిగిలింది. మన దేశంలో ఆ మిగిలిన దానికే పాత పేరు నిలిచిపోయింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టిన హిందుస్థాన్ అంబాసిడర్‌కు గానీ, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు గానీ డికీ సీటు ఏనాడూ లేదు. అయినా వాటి వెనుక భాగం మనకు డిక్కీయే. కకారం ద్విత్వం కావడం టికెట్ మనకు టిక్కెట్టు అయినట్లే జరిగింది. అయితే హిందీలోనూ ఇదే రూపం ఉంది కనుక దీన్ని తెలుగు ప్రత్యేకత అనను.

ఇక బూట్ సంగతి. ఇంగ్లీషువారు ఆ మాటను ఏదో స్వచ్ఛమైనదిగా భావిస్తే మనం తలవంచనక్కరలేదు. అది కూడా గుర్రపుబండిదే. మొదట బండి పక్కన మెట్ల దగ్గర పరిచారకులు కూర్చునే చోటు బూట్. తరువాత అదే సామాను పెట్టే అరగా మారింది. అంటే మన డిక్కీ నడిచిన దారిలోనే వారి బూట్ అంతకుముందు నడిచింది. డ్యాష్‌బోర్డు కూడా గుర్రాల డెక్కలు చిమ్మే బురద మీద పడకుండా అడ్డుపెట్టిన పలకే కదా! ఒకే రకమైన అర్థమార్పును ఒకరి విషయంలో చరిత్ర అనీ, మరొకరి విషయంలో తప్పు అనీ అనడం భాషాశాస్త్రానికి పొసగని మాట. ఇంగ్లండులో కారు అద్దెకు తీసుకుంటే బూట్ అనండి. తెలుగు వాక్యంలో డిక్కీ అనడానికి సంకోచించనక్కరలేదు.

పైగా మనవాళ్లు ఈ మాటను ఇంకా ముందుకు తీసుకువెళ్లారు. స్కూటర్ సీటు కింది అర కూడా మనకు డిక్కీయే. ‘డిక్కీలోని నగదు చోరీ’ అనే వార్త పత్రికల్లో చదవని వారుండరు. సీటు పేరుగా పుట్టిన మాట, చివరికి సీటు కింద చేరింది.

మరొక సభ్యుడు: చక్కగా వివరించారు. అయితే ‘స్టెప్నీ’ కూడా ఇలాంటిదేనా? లండన్‌లో స్టెప్నీ అనే పేట ఉంది. దాని పేరే అనుకుంటూ వచ్చాను.

సమాధానం: లండన్ పేటతో సంబంధం లేదండీ. వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి ఉంది. అక్కడ డేవిస్ సోదరులు 1904లో తయారుచేసిన అదనపు చక్రానికి ఆ వీధి పేరు పెట్టారు. అప్పటి కార్లకు చక్రం ఊడదీసి మార్చుకునే వీలు లేదు; పంక్చరైతే రోడ్డు పక్కనే టైరు విప్పి ట్యూబుకు అతుకు వేయవలసి వచ్చేది. వీరు చేసినది చువ్వలు లేని ఒట్టి అంచు, దానికి గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రాన్ని తీయకుండానే దాని పక్కన బిగించి బండి నడుపుకోవచ్చు. ఊడదీసే చక్రాలు వచ్చాక ఈ సాధనం అక్కరలేకపోయింది, బ్రిటన్‌లో పేరు కూడా మరుగునపడింది. మనకూ మాల్టావారికీ మాత్రం అది అదనపు చక్రానికి సాధారణ నామం. బ్రెజిల్ పోర్చుగీసులో ‘ఎస్టెపి’ అన్నా ఇదే.

కాబట్టి నిఘంటువు రాసేవారు ఈ రెండింటినీ ఒకే తరగతిలో వేయకూడదని నా అభిప్రాయం. డిక్కీ సామాన్య పదమే, దాని అర్థం మారింది. స్టెప్నీ సంస్థ పేరు, సామాన్య పదమైంది. 1910 ప్రాంతపు ఛాయాచిత్రాల్లో కారు పక్కన వేలాడే చక్రానికి మధ్య చువ్వలు లేకుండా ఖాళీగా కనిపిస్తే, అది లనెల్లి వారిదో, వారిని చూసి మరొకరు చేసినదో అయి ఉండే అవకాశం ఎక్కువ. చువ్వలతో సహా పూర్తి చక్రం ఉంటే అది ఆ తరువాతి పద్ధతి. మనం ఈనాడు స్టెప్నీ అంటున్నది ఈ రెండో రకాన్నే.