కిడ్నీ దానానికి ఎమ్మారై తీశాక మళ్లీ సీటీ ఎందుకు?

ప్రశ్న:
నమస్కారం. మా తమ్ముడికి కిడ్నీ ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. రక్తం గ్రూపు, క్రాస్‌మ్యాచ్ (తమ్ముడి రక్తం నా కణాలను ఎదిరిస్తుందేమో చూసే పరీక్ష) కుదిరాయి. రక్తనాళాలు చూడడానికి గాడోలినియం మందు ఎక్కించి ఎమ్మారై యాంజియోగ్రామ్ తీశారు. ఎడమ కిడ్నీ అడుగుభాగానికి సన్నటి రెండో ధమని ఉన్నట్లు అనుమానంగా ఉందని, సీటీ కూడా తీయాలని ఇప్పుడు అంటున్నారు. ఎక్స్‌కిరణాల బెడద ఉండదనే కదా ఎమ్మారైకి ఒప్పుకున్నాను! పైగా గాడోలినియం కిడ్నీలకు మంచిది కాదని చదివాను. నేను ఇవ్వబోయే కిడ్నీకి ఏమైనా హాని జరిగి ఉంటుందా?

సమాధానం (రేడియాలజిస్టు):
అమ్మా, ముందు గాడోలినియం సంగతి. చర్మం, కీళ్లు బిగుసుకుపోయే అరుదైన జబ్బు ఆ మందువల్ల వచ్చింది కిడ్నీల పనితీరు బాగా పడిపోయినవారికి. మీ కిడ్నీలు చక్కగా పనిచేస్తున్నాయి కాబట్టే మిమ్మల్ని దాతగా పరిశీలిస్తున్నారు. ఆ జాగ్రత్త నిజానికి మీ తమ్ముడికి అవసరం. ఆయనకు ఎమ్మారై రాస్తే కిడ్నీ జబ్బు సంగతి తప్పక చెప్పించండి.

ఇక సీటీ విషయం. ప్రధాన ధమనులు, సిరలు, కిడ్నీ పరిమాణం, మూత్రనాళం ఎమ్మారైలో బాగానే తెలుస్తాయి. అయితే సుమారు 2 మిల్లీమీటర్లకంటే సన్నని ధమనులు, బృహద్ధమని (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) నుంచి బయలుదేరగానే చీలిపోయే కొమ్మలు అందులో తప్పిపోవచ్చు. చిన్న రాళ్లయితే ఎమ్మారైలో దాదాపు కనబడవు, సీటీలో స్పష్టంగా కనబడతాయి. సుమారు నలుగురిలో ఒకరికి అదనపు ధమని ఉంటుంది కనుక మీది వింతేమీ కాదు.

సమాధానం (కిడ్నీ మార్పిడి సర్జన్):
ఆ ధమని ఎంత సన్నదైనా మేము పట్టించుకోవడానికి కారణముంది. కిడ్నీ పైకొనకు వెళ్లే చిన్న ధమనిని ఒక్కోసారి కట్టేసినా కొద్ది భాగమే నష్టపోతుంది. అడుగుకొనకు వెళ్లేది మాత్రం తరచుగా మూత్రనాళానికి కూడా రక్తం అందిస్తుంది. అది తెగితే మూత్రనాళం గోడ చచ్చుబడి, మీ తమ్ముడి కడుపులో మూత్రం కారే ప్రమాదం ఉంటుంది. సిర పొడవుగా ఉంటుందని మామూలుగా ఎడమ కిడ్నీనే తీస్తాం. రెండు ధమనులున్నాయని ముందే తెలిస్తే కిడ్నీ బయటికి తీశాక వాటిని కలిపి కుట్టుకోవచ్చు, లేదా కుడి కిడ్నీ తీసుకోవచ్చు. రెండింటిలో ఏది మెరుగ్గా పనిచేస్తుందో అది దాతకే మిగలాలన్నది మేము తప్పని నియమం.

సమాధానం (నాలుగేళ్ల క్రితం అన్నయ్యకు కిడ్నీ ఇచ్చిన చెల్లెలు):
అక్కా, ఎమ్మారైలో ఊపిరి బిగపట్టమన్నప్పుడు నేను మధ్యలో వదిలేశాను. ధమని ఉండాల్సిన చోట బొమ్మ మసకగా వచ్చింది. మళ్లీ తీసినా అంతే కావడంతో నాకూ సీటీ తీశారు. అది కొద్ది నిమిషాల్లోనే ముగిసింది, మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వెచ్చబడింది. గర్భం దాల్చే అవకాశం ఉన్నా, సీటీలో ఎక్కించే అయోడిన్ మందు ఇంతకుముందు పడకపోయినా ముందే చెప్పండి. రాళ్లు కూడా ఈ ఒక్క సీటీలోనే చూస్తారేమో అడగండి.