కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీటిపై డిగ్రీ ప్రాజెక్టు: అనుభవం ఉన్నవారు చెప్పండి

కనిగిరి విద్యార్థిని
అందరికీ నమస్కారం. బీఎస్సీ చివరి సంవత్సరం. మేము నలుగురం కలిసి చుట్టుపక్కల పల్లెల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూడాలనుకుంటున్నాం. దాంతోపాటు మా కాలేజీలో తాగునీటిని వడపోసే ఆర్‌వో ప్లాంటు ఎంత నీటిని బయటికి వదిలేస్తోందో లెక్క కట్టాలని ఉంది. నమూనాలు ఎన్ని తీయాలి? ఏ నెలలో తీయాలి? ఆర్‌వో వేస్టు నీళ్లు మొక్కలకు పెట్టవచ్చా? హాస్టల్ వంటగది చెత్తతో ఎరువు చేయడం కూడా ఇందులోనే కలపవచ్చా? టీడీఎస్ మీటరు ఒకటి కొన్నాం, రేపటి నుంచి మొదలుపెడుతున్నాం.

పొదిలి మాస్టారు
లెక్కలు తర్వాత చూద్దాం తల్లీ, ముందు ఒక మాట. నేను ఐదో తరగతికి చెప్పిన ఊళ్లో ఏడాది చివర గ్రూపు ఫోటో తీయించాం. నవ్వండర్రా అంటే ముందు వరుసలో ఏడుగురు పిల్లలు నోటికి అరచేయి అడ్డం పెట్టుకున్నారు. పళ్ల మీద గోధుమ రంగు చారలు. పన్ను తయారయ్యే వయసులో తాగిన ఫ్లోరైడ్ నీటి గుర్తు అది, ఎంత తోమినా పోదు. ఆ ఫోటో ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మీరు బడి బోరు నుంచే మొదలుపెట్టండి.

నీటి ల్యాబులో 28 ఏళ్లు
టీడీఎస్ మీటరు అన్న మాట చదివి ఆగిపోయాను. ఆ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు. నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి మొత్తం లవణాలను అంచనా వేస్తుంది, అంతే. టీడీఎస్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్‌కు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా. ఐదు వందల్లో ఒకటీ రెండూ ఎక్కడ కనబడతాయి? నోటికి తియ్యగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ 3 ఉన్న సీసాలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. ఇంకొకటి, గాజు సీసాలో పట్టకండి, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ప్లాస్టిక్ సీసాలే వాడాలి. ఈ రెండూ తెలియకుండా ప్రాజెక్టు అనకండి.

దర్శి రైతు బిడ్డ
అంత కోపం ఎందుకు సార్? మా వీధి అంతా ఆ మీటరుతోనే తిరిగాను. రెండు వేలు దాటిన బోరును తాగడానికి ఆపించింది నేనే. మీ ల్యాబు వాళ్లు మా ఊరికి ఎన్నిసార్లు వచ్చారు? నీళ్లు తీసుకెళ్లారు, కాగితం తిరిగి రాలేదు. మా అమ్మ మోకాళ్లు వంచలేదు, పీట మీద కూర్చోలేదు. మేము ఊరికే చేతులు కట్టుకుని ఉండాలా? ఇప్పుడు నీళ్లు కాచి తాగుతున్నాం, మాకు తెలిసింది మేం చేస్తున్నాం.

నీటి ల్యాబులో 28 ఏళ్లు
ఉప్పు బోరు ఆపించారు, సంతోషం. కానీ పక్కనున్న తియ్య బోరు మంచిదని ఎవరు చెప్పారు? మీ మీటరే కదా! అమ్మగారికి కాచిన నీళ్లు ఇవ్వడం ఇవాళే ఆపండి. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. కాగితం రాలేదంటే అది తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ ఎండలో జీపు వెనక కూర్చుని డబ్బాలు ఒళ్లో పెట్టుకుని తెచ్చినవాళ్లం కూడా మేమే.

దర్శి రైతు బిడ్డ
కాస్తే పెరుగుతుందని ఇన్నేళ్లలో ఒక్కరు చెప్పలేదు. ఒక్కరు కూడా.

నెల్లూరు పాత కాగితాలు
మధ్యలో వస్తున్నాను. ఇది నిన్నా మొన్నా బయటపడిన సంగతి కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును, మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక అటు వెళ్లాయి. ప్రాజెక్టు మొదటి పేజీలో ఈ సంగతి తప్పక రాయమ్మా. ఎన్ని తరాలుగా ఈ నీరు తాగుతున్నామో పరీక్షకులకు తెలియాలి.

కావలి ఆక్వా ప్రాజెక్టు
మీరు ఫ్లోరైడ్ అంటున్నారు, మా తీరంలో బాధ ఉప్పు. మేము రొయ్యల చెరువుల పక్కనున్న తాగునీటి బావులు చూశాం. మూడో బావి దగ్గర చెరువు యజమాని మమ్మల్ని తరిమేశాడు. తీరంలో రొయ్యల సాగు మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 2005లో చట్టం వచ్చింది. అయినా బావిలో బకెట్ వేసే హక్కు విద్యార్థికి లేకుండా పోయింది. పంచాయతీ నుంచి ఉత్తరం తీసుకుని వెళ్లు చెల్లీ.

పొదిలి మాస్టారు
రొయ్యల సంగతి వేరే చర్చలో పెట్టు నాయనా. ఆ అమ్మాయి అడిగింది బోర్ల గురించి.

కావలి ఆక్వా ప్రాజెక్టు
నీరు నీరే మాస్టారూ. వేరు ఎలా అవుతుంది?

ఒంగోలు ఇంజినీరింగ్
ఆర్‌వో గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మా కాలేజీలో 20 లీటర్ల బకెట్ వేస్టు గొట్టం కింద పెట్టి ఫోనులో టైము చూశాం. అదే సమయంలో మంచినీటి వైపు ఎంత వచ్చిందో కొలిచాం. ఒక బకెట్ మంచినీటికి దాదాపు రెండు బకెట్లు కాలువలోకి పోతున్నాయి. మూడు రోజులు, ఉదయం సాయంత్రం కొలిచి కాగితం ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాం. నెల తిరక్కుండా ఆ గొట్టాన్ని మరుగుదొడ్ల ట్యాంకుకు కలిపారు. మా బ్యాచ్ మొత్తంలో నేను గర్వపడే పని ఇదొక్కటే. మిగిలిన నీటిని ఇంకుడు గుంతలోకి వదులుతున్నాం, భూగర్భ జలం కూడా పెరుగుతుంది.

నీటి ల్యాబులో 28 ఏళ్లు
మరుగుదొడ్లకు కలపడం చాలా బాగుంది. ఇంకుడు గుంత మాత్రం ఈరోజే మూయించు. వడపోతలో విడిపోయిన ఉప్పులు, ఫ్లోరైడ్ అన్నీ ఆ వేస్టు నీళ్లలోనే ఉంటాయి. దాన్ని భూమిలోకి దింపితే మీ బోరుకు మీరే తిరిగి పోసుకున్నట్టు. వాన నీటికి తవ్విన గుంతలో వాన నీరే పడాలి.

ఒంగోలు ఇంజినీరింగ్
గుంత నమూనా మా సార్లే ఆమోదించారు.

నీటి ల్యాబులో 28 ఏళ్లు
ఆమోదిస్తే ఉప్పు తీపవుతుందా?

కందుకూరు తోట
మొక్కలకు పెట్టవచ్చా అన్నదానికి నా అనుభవం. మా బడిలో ఏడాది పాటు ఆ నీళ్లే పోశాం. కానుగ, వేప తట్టుకున్నాయి. మామిడి ఆకుల అంచులు కాలినట్టు ఎండిపోయాయి, మల్లె పాదు చచ్చిపోయింది. మట్టి పైన తెల్లటి పొర పేరుకుంది. ఆ మల్లె నా చేత్తో నాటింది. పోయవద్దు.

నీటి ల్యాబులో 28 ఏళ్లు
కనిగిరి అమ్మాయికి. ఎన్ని నమూనాలు అని అడిగావు. ఊళ్లు ఎక్కువ పెట్టుకోకు, ఆరు బోర్లు చాలు, కానీ అవే బోర్ల నుంచి రెండుసార్లు తీయి. మే నెలలో ఒకసారి, ఈశాన్య వానలు వెళ్లాక జనవరిలో ఒకసారి. మోటారు ఐదు నిమిషాలు ఆడనిచ్చి, సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, అప్పుడు నింపు. ఊరి పేరు, బోరు లోతు, తేదీ సీసా మీదే రాయి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. ముందుగా జిర్కోనియం కిట్టుతో చూసుకో, రంగు గులాబీ నుంచి పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువని అర్థం. తర్వాత ల్యాబులో ఎలక్ట్రోడుతో కచ్చితంగా కొలిపించు. నీ నమూనాలు చూడటానికి నేనే వస్తాను.

కనిగిరి విద్యార్థిని
చాలా కృతజ్ఞతలు సార్. గాజు సీసాలు వెనక్కి ఇచ్చేశాం, ప్లాస్టిక్‌వి 24 కొన్నాం. ఎరువు సంగతి ఎవరూ చెప్పలేదు, అది ఈసారికి వదిలేస్తున్నాం. దర్శి అన్నా, మీ వీధి బోరును కూడా మా ఆరింటిలో చేర్చుకోవచ్చా? కాగితం నేనే మీ ఇంటికి తెచ్చి ఇస్తాను.

దర్శి రైతు బిడ్డ
రా చెల్లీ. శనివారం పొద్దున కరెంటు ఉంటుంది, మోటారు వేసి పెడతాను. తియ్య బోరు నీళ్లు ఒక సీసా, అమ్మ కాచి పెట్టిన నీళ్లు ఇంకో సీసా తీసుకెళ్లు.