అప్‌డేట్: నుదుటి కార్డుల ఎపిసోడ్ దొరికింది

ఆఫీసులో అందరి నుదుట జాతుల పేర్లున్న కార్డులు పెట్టి ఆడించే సిట్‌కామ్ ఎపిసోడ్ ఏదని అడిగాను కదా, దొరికింది. అమెరికన్ 'ది ఆఫీస్' మొదటి సీజన్‌లో రెండోది, 'డైవర్సిటీ డే'. 2005 మార్చిలో ఎన్‌బీసీలో వచ్చింది. రాసింది బి.జె. నోవాక్, ర్యాన్ వేషం కూడా ఆయనదే.

అసలు ఆఫీసులో జాతి వైవిధ్యంపై శిక్షణ పెట్టాల్సి వచ్చిందే మేనేజర్ మైకేల్ కమెడియన్ క్రిస్ రాక్ జోకుల్ని అనుకరించడం వల్ల. అయినా తగ్గకుండా ఆ కార్డులతో సొంత క్లాసు పెడతాడు మహానుభావుడు! భారతీయ మూలాలున్న ఉద్యోగిని కెల్లీ ముందు ఇండియన్ దుకాణదారు యాస దంచుతాడు, ఆమె అతని చెంప ఛెళ్లుమనిపిస్తుంది. తన కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మైకేల్, మైనారిటీ బాధేంటో ఆమెకి ఇప్పుడు తెలిసిందంటాడు. నాకు దెబ్బ కన్నా ఆ మాటకే నవ్వాగలేదు. సేల్స్‌మన్ జిమ్‌కి రావాల్సిన పెద్ద ఆర్డర్‌ని తోటి సేల్స్‌మన్ డ్వైట్ కొట్టేసేదీ ఇందులోనే.